అథీనాకు పట్టుచీర

మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి వెళ్ళినవాళ్ళు లెక్కలేనంతమంది. బెజవాడ కొండెక్కినవాళ్ళకూ కొదవలేదు. పట్టుచీర పట్టుకుని టెనెసీ రాష్ట్రం వెళ్ళిన మనిషి మాత్రం నాకు తెలిసి మా వదిన ఒక్కతే. నేను తోడు వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చాను కాబట్టి, వెళ్ళనివాళ్ళ కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

వదిన అంటే మా ఆవిడ కమలకు అక్క, సుభద్ర. డాక్టరే గానీ మనిషి నాడి పట్టుకుని మందిచ్చే డాక్టరు కాదు. పాథాలజిస్టు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ మైక్రోస్కోపు మీదకు వంగి, గాజు పలకల మీది కణాలు చూసి, ఎవరికి ఏ జబ్బో తేల్చి చెప్పింది. ఇప్పుడు రిటైరై, మాకు విమానమెక్కేంత దూరంలో ప్లేనో అనే ఊళ్ళో ఉంటుంది. పూజలంటే ఆవిడకు పడదు. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటే, కథ జరుగుతున్నంతసేపూ ఫోన్ వచ్చిందని బయట తిరిగి, ప్రసాదం వేళకు లోపలికొచ్చే రకం.

అలాంటి మనిషి జన్మలో ఒకే ఒక్క మొక్కు మొక్కింది. అదీ పొరపాటున.

చాలా ఏళ్ళ కిందట నేనూ కమలా ఫ్లోరిడా నుంచి కార్లో తిరిగొస్తుంటే, టెనెసీలోని నాష్‌విల్ దగ్గర కమలకు కడుపునొప్పి మొదలైంది. అపెండిక్స్ పగిలి, విషం ఒళ్ళంతా పాకిందన్నారు. కబురు తెలిసి వదిన విమానమెక్కి వచ్చింది. రోజంతా పరాయివాళ్ళ రిపోర్టులు రాసే మనిషి, చెల్లెలి రిపోర్టు చదివి, ఆస్పత్రి వసారాలో కుర్చీలో కూలబడింది. ఎదురుగా గోడ మీద పెద్ద పోస్టరు. బంగారు దేవత, తలమీద కిరీటం, చేతి దగ్గర బల్లెం, పక్కన పడగెత్తిన పాము. వదిన ఇంకేమీ ఆలోచించలేదు. "అమ్మా, నా చెల్లెలు లేచి ఇంటికొస్తే నీకు పట్టుచీర పెడతాను" అని దణ్ణం పెట్టేసింది.

కమల లేచి ఇంటికొచ్చింది. వచ్చేముందు వదిన నర్సును అడిగింది, ఈ అమ్మవారి గుడి ఎక్కడుందని. అది గుడి కాదు, ఊళ్ళో పార్కులో ఉన్న మ్యూజియం, ఆవిడ గ్రీకు దేవత అథీనా అని నర్సు చెప్పింది. ఈ సంగతి చెప్పుకుని మేం ఏళ్ళ తరబడి నవ్వుకున్నాం.

ఈ వసంతంలో వదిన ప్లేనో నుంచి మా ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ, పెట్టెలోంచి పసుపు రంగు గద్వాల చీర తీసి బల్ల మీద పెట్టింది. ఎర్ర అంచు, మంచి జరీ.

"నాష్‌విల్ వెళ్ళాలి మరిదిగారూ. డ్రైవ్ చేస్తారా, టికెట్లు బుక్ చేయమంటారా?"

"ఆ మొక్కా? అక్కా, నన్ను బతికించింది సర్జన్!" అంది కమల.

"సర్జన్ బిల్లు ఇన్సూరెన్స్ వాళ్ళు కట్టారు. ఆవిడకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అడ్రస్ తప్పయితే ఏం, పని జరిగిందా లేదా?"

ఇంత తొందర ఇప్పుడెందుకో మాకు తెలుసు. వదిన కళ్ళు పాడవుతున్నాయి. కంటి వెనక పొరలో చూపుకు నట్టనడిమి భాగం అరిగిపోతోంది. చుట్టుపక్కలంతా కనిపిస్తుంది, సూటిగా చూసినచోట మరక. మొన్ననే కారు తాళాలు వదులుకుంది. ప్లేనోలో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. ఉన్న చూపు ఉండగానే ఆ దేవతను చూసి చీర ఇచ్చెయ్యాలని ఆవిడ పట్టుదల. ఎవరి కోసం మొక్కారో వాళ్ళు కూడా రావాలి కాబట్టి కమల రావాలి. కమల వస్తే డ్రైవరు ఉండాలి కాబట్టి నేను.

గాలిమరల మధ్య

షికాగో దాటి ఇండియానాలోకి వెళ్ళగానే రెండు సంగతులు తెలుస్తాయి. పెట్రోలు చవక, ప్రపంచం బల్లపరుపు. ఎటు చూసినా మొక్కజొన్న దుబ్బులు, దున్నిన నల్లమట్టి. మధ్యలో ఉన్నట్టుండి వందలకొద్దీ తెల్లటి గాలిమరలు లేస్తాయి. రోడ్డుకు రెండు వైపులా, కనుచూపు మేర, ఎవరి తొందర వాళ్ళదన్నట్టు తిరుగుతూ ఉంటాయి.

"ఇవి బాగా కనిపిస్తున్నాయి" అంది వెనక సీట్లోంచి వదిన. అద్దంలో చూస్తే ఆవిడ మొహం గాలిమరల వైపు లేదు, నా సీటు వైపు ఉంది. నేను అంతగా పట్టించుకోలేదు.

ఇంకొకటి కూడా ఆలస్యంగా తట్టింది. ఎప్పుడు కారెక్కినా దారిపొడుగునా బోర్డులన్నీ పైకి చదివి, మా చెవులకు చిల్లులు పొడిచే మనిషి ఆవిడ. ఇండియానాలో బోర్డులకు కరువు లేదు. బాణసంచా అమ్మేవాడిది ఒకటి, ఆ వెంటనే నరకం నిజమేనని హెచ్చరించేది ఒకటి, దాని తర్వాత యాక్సిడెంట్ లాయరుది. ముగ్గురూ మాట్లాడుకుని వరసగా పెట్టుకున్నారేమో అనిపిస్తుంది. వదిన ఒక్కటీ చదవలేదు.

మధ్యాహ్నం ఒక రెస్ట్ ఏరియాలో చెక్కబల్ల మీద పులిహోర, పెరుగన్నం విప్పాం. పక్క బల్ల దగ్గర కూర్చున్న లారీ డ్రైవరు పులిహోర పచ్చదనం చూసి, మస్టర్డ్ కలిపారా అని అడిగాడు. ఆవాలు కూడా ఉన్నాయి కాబట్టి అవునన్నాను. కమల ఒక కాగితం పళ్ళెంలో పెట్టిచ్చింది. కరివేపాకుతో సహా నమిలేసి, ఈ ఆకు ఏ చెట్టుదో తన భార్యకు చెప్పాలి, రాసిమ్మన్నాడు. మన పిల్లలు కరివేపాకును ఏరి పళ్ళెం అంచున పెడతారు. ఇండియానా లారీ డ్రైవరు పేరు రాయించుకుని వెళ్ళాడు.

కెంటకీలో పరాయి చెల్లెలు

ఆ రాత్రి లూయీవిల్‌లో పడుకుని, పొద్దున్నే బయల్దేరాం. కెంటకీ గుర్రాల దేశం. హోటలు వసారాలో గుర్రం బొమ్మ, లిఫ్టులో గుర్రం పటం, చివరికి సబ్బు మీద కూడా గుర్రం అచ్చు. ఒక్క గుర్రం కూడా రోడ్డు మీద కనిపించలేదు.

దారిలో పెట్రోలుకు ఆగాం. నేను పంపు దగ్గర ఉన్నాను. కమల బంకు కొట్టు లోపలికెళ్ళింది. వదిన కారు దిగి, ఎర్ర జాకెట్ వేసుకుని కాఫీ మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి దగ్గరికి గబగబా నడిచి, భుజం మీద చెయ్యేసింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి మాటలన్నీ నాకు వినబడుతున్నాయి.

"ఇందాకట్నుంచి వెతుకుతున్నానే! నా కంటి చుక్కల మందు ఏ సంచిలో పడేశావ్? చిన్నప్పట్నుంచీ అంతే, ఒక వస్తువు ఒకచోట పెట్టే అలవాటు లేదు నీకు!"

ఆ మనిషి బెదిరిపోయి తిరిగింది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి.

"ఆంటీ, నేనేం తీయలే ఆంటీ. మీ బ్యాగు ముట్టనే ముట్టలే" అంది, ఏడుపు మొహంతో.

అమెరికాలో ఏ మూల ఆగినా ఒక తెలుగువాడు తగులుతాడంటారు గానీ, తిట్టించుకోవడానికి కూడా తగులుతారని అనుకోలేదు. నిజామాబాద్ పిల్లట. కెంటకీలోనే మాస్టర్స్ చేస్తోంది. ఫ్రెండ్స్‌తో కలిసి మామత్ గుహలు చూడబోతోంది. నేను ముందు కడుపుబ్బ నవ్వాను. ఈలోపు రెస్ట్‌రూం నుంచి కమల వచ్చింది. తనదీ ఎర్ర జాకెట్టే. వదిన ఇద్దరి మధ్యా నిలబడి, ఎటు తిరగాలో తెలియనట్టు చేతిసంచి సర్దుకుంటోంది. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. ఆ పిల్లకూ, అరవై దాటిన సొంత చెల్లెలికీ తేడా తెలియలేదంటే, వదిన మాకు చెప్పింది సగమేనన్నమాట.

కమల జంతికల డబ్బా తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టి, "ఏమనుకోకమ్మా" అంది.

"అయ్యో, ఏమనుకుంటలే ఆంటీ. మా అమ్మ గూడ గిట్లనే తిడ్తది. శానా రోజులైంది తిట్లు తిని, మంచిగనిపించింది" అని, వదిన చెయ్యి పట్టుకుని మెట్టు దింపి, కారు దాకా తెచ్చి కూర్చోబెట్టి వెళ్ళింది.

కారు కదిలి రోడ్డెక్కింది. తర్వాత వదినే అంది, "మొహాలు పోయాయే కమలా. గొంతును బట్టి, బట్టల్ని బట్టి పోల్చుకుంటున్నాను. నీ మొహం చూసి చాలా రోజులైంది."

"చెప్పలేదేం అక్కా?"

"చెబితే ప్రయాణం మానిపిస్తారు. ఆవిడ మొహమైనా కనిపిస్తుందో లేదో తెలియదు. ఎవరికి మొక్కుతున్నానో తెలియకుండా మొక్కాను. ఎవరికిస్తున్నానో తెలియకుండా మాత్రం ఇవ్వను. కనిపించకపోతే చీర వెనక్కి తెచ్చేస్తా."

మాట మార్చడానికి, "ఆవిడ నలభై అడుగుల పైమాటేనట వదినా. ఆరు గజాల చీర ఆవిడకి జేబురుమాలుకి కూడా చాలదు" అన్నాను.

"మీ పెళ్ళికి మీకు కుట్టించినట్టు సఫారీ సూట్ కుట్టించమంటారా?" అంది వదిన. హమ్మయ్య, మనిషి మళ్ళీ దారిలో పడింది.

మాంసమూ మూడు కూరలూ

నాష్‌విల్ పాటల ఊరు. ప్రధాన వీధిలో ప్రతి తలుపు వెనకా ఒక గిటారు మోగుతూ ఉంటుంది. రెండు గిటార్ల మధ్య ఒక బూట్ల కొట్టు. ఒక జత కొంటే రెండు జతలు ఉచితమని బోర్డు. మన ఆషాఢం సేల్ గాలి ఇక్కడిదాకా వీచిందనుకుని లోపలికెళ్ళాను. ఆ మొదటి జత ధర విన్నాక, మిగతా రెండూ ఎందుకు ఉచితమో అర్థమై బయటికొచ్చాను.

ఇక్కడి భోజన పద్ధతి నాకు నచ్చింది. ఒక మాంసం, మూడు కూరలు, పక్కన మొక్కజొన్న రొట్టె. మన మెస్‌లో ప్లేటు భోజనం లాంటిదే. వదిన శాకాహారి కాబట్టి మాంసం వద్దు, నాలుగు కూరలివ్వమంది. కూరల పట్టికలో మకరోనీ చీజ్ కూడా ఉంది. ఈ ఊళ్ళో అదీ కూరేనట! బీన్స్ వేయబోతుంటే కమలకు అనుమానమొచ్చి అడిగింది. వడ్డించే ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "హనీ, ఉత్త నీళ్ళలో ఉడికిస్తే బీన్స్‌కి రుచెక్కడిది? పందిమాంసం ముక్క వేస్తాం" అంది, మనం పోపు వెయ్యకుండా పప్పెలా తింటామన్నంత ధీమాగా. కాలర్డ్ ఆకుకూరలోనూ అదేనట. చివరికి వదిన పళ్ళెంలో మకరోనీ, బంగాళాదుంప, మొక్కజొన్న, ఇంకొంచెం మకరోనీ మిగిలాయి.

నేను గుంటూరువాణ్ణి కాబట్టి ఆ సాయంత్రం ఊరి గొప్ప అయిన హాట్ చికెన్ తినకతప్పలేదు. ఎంత కారం కావాలని కొట్టువాడు అడిగితే, అన్నిటికన్నా ఎక్కువ అన్నాను. మళ్ళీ ఆలోచించుకోమన్నాడు. మా ఊళ్ళో పసిపిల్లలు తింటారన్నాను. తర్వాత జరిగిన దానికి సాక్షులు కమల, వదిన, నిన్నటి పెరుగన్నం డబ్బా. మన కారం నాలుక మీద అరిచి ఊరుకుంటుంది. ఇక్కడిది చెవుల్లోంచి కూడా వస్తుంది. కార్ల మధ్య నిలబడి పులిసిన పెరుగన్నం తింటుంటే వదిన, "మీ ఊరి పరువు పోయిందని నేను ఎవరికీ చెప్పన్లెండి" అని మాటిచ్చింది. షామ్‌బర్గ్ చేరేలోపు నలుగురికి ఫోన్ చేసి చెప్పింది.

పార్కులో గుడి

మర్నాడు పొద్దున పార్కుకు వెళ్ళాం. చెరువు, బాతులు, యోగా చేసేవాళ్ళు, కుక్కల్ని నడిపించేవాళ్ళు. వాళ్ళందరి మధ్యా ఏథెన్స్ కొండమీద ఉండవలసిన పార్థెనాన్ గుడి, స్తంభాలతో సహా, అసలుదానంత కొలతలో నిలబడి ఉంది. అక్కడిది శిథిలమైంది. ఇక్కడిది కాంక్రీటు, నిక్షేపంగా ఉంది. వెనకటికి ఏదో ప్రదర్శన కోసం కట్టి, ముచ్చటపడి ఉంచేసుకున్నారట.

కింది అంతస్తులో టికెట్ తీసుకుని పైకి వెళ్ళాలి. మెట్ల దగ్గరకు రాగానే కమల చెప్పులు విప్పేసింది. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చి, "మామ్, షూస్ వేసుకోవాలి!" అన్నాడు. గుడిలోకి చెప్పులేసుకుని వెళ్ళమని బతిమాలించుకోవడం నా జన్మలో అదే మొదలు. కొబ్బరికాయ, కర్పూరం కారు డిక్కీలోనే ఉండిపోయాయి. లోపలికి తీసుకుపోగలిగింది సంచిలో చీర ఒక్కటే.

పైకి వెళ్ళి హాల్లోకి తిరిగాం. పోస్టర్లు చూశాం, ఫోటోలు చూశాం, అవేవీ లెక్కలోకి రావు. నా తల ఆవిడ నిలబడ్డ పీఠాన్ని దాటలేదు. మెడ వెనక్కి వంచుతూ పోతే పాదాలు, కుచ్చిళ్ళలా జారిన బంగారు వస్త్రం, రొమ్మున రాక్షసి తల ఉన్న కవచం, ఆ పైనెక్కడో మొహం. కాటుక దిద్దినట్టున్న కళ్ళు, ఎర్రటి పెదాలు, రెక్కల గుర్రాలున్న శిరస్త్రాణం. కుడి అరచేతిలో రెక్కలున్న విజయదేవత. చేతిలో బొమ్మలా ఉందే అనుకున్నాను, అది నాకన్నా పొడుగట! ఎడమ చేతి కింద డాలు, దాని చాటున చుట్టచుట్టుకున్న పాము. కమల చప్పున చెంపలు వేసుకుంది. వదినను తప్పుపట్టడానికి లేదు. ఆ స్థితిలో నేనైనా దుర్గమ్మే అనుకునేవాణ్ణి.

వదిన మాత్రం హాలు నడుమ నిలబడి, మొహం పక్కకు తిప్పి స్తంభం వైపు చూస్తోంది.

మ్యూజియం వాలంటీరు ఒకావిడ దగ్గరికొచ్చింది. పేరు డోరతీ, రిటైరైన స్కూలు టీచరు. "మీతో వచ్చిన ఆవిడకి ఒంట్లో బాగాలేదా? విగ్రహం ఇటుంది కదా" అని నన్ను మెల్లిగా అడిగింది.

వదినే జవాబిచ్చింది. "చూస్తున్నానండీ. సూటిగా చూస్తే మరక కనిపిస్తుంది. పక్కకి తిరిగితే కంటి చివర్లో మిగిలినచోట పడుతుంది. మెల్లిగా చూసుకోవాలి."

వదిన తల కొంచెం ఇటూ అటూ జరుపుతూ, ఒకప్పుడు మైక్రోస్కోపు తిప్పుకున్నంత ఓపికగా వెతుక్కుంటోంది. పిల్లల గుంపొకటి వచ్చి, అరిచి, వెళ్ళిపోయింది. ఆవిడ అక్కడే ఉంది.

"కుడికన్ను" అంది కాసేపటికి. ఇంకాసేపటికి, "ముక్కు." తర్వాత, "నవ్వట్లేదు. కోపమూ లేదు. కనిపించిందే కమలా! మొత్తం కనిపించింది."

"ఎలా కనిపించింది అక్కా?" అడిగింది కమల.

"పెద్దది కదా. పైగా కదలదు. మనుషులు కదిలిపోతారు. ఇలా మొహం తిప్పుకుని చూస్తే, మాట్లాడుతుంటే పట్టించుకోవట్లేదని నొచ్చుకుంటారు కూడా. ఈవిడ నొచ్చుకోలేదు."

చీర

సంచిలోంచి చీర తీయగానే డోరతీ కంగారుపడింది. విగ్రహాన్ని తాకకూడదు, ఏదీ వదిలి వెళ్ళకూడదు. నేను మొక్కు సంగతి మొదట్నుంచీ చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మీకు తెలుసా, ఏథెన్స్ ఆడవాళ్ళు ఈ దేవతకి బట్ట నేసి పెట్టేవాళ్ళు. నెలల తరబడి నేసి, పండగనాడు ఊరేగింపుగా తీసుకెళ్ళేవాళ్ళు. రంగు కూడా పసుపేనంటారు" అంది. అయితే టీచరమ్మ కాబట్టి ఊరుకోలేక, "ఇంత పెద్ద విగ్రహానికి కాదనుకోండి, అదే కొండమీది గుళ్ళో పాత చెక్క విగ్రహం ఉండేది, దానికి" అని సర్దింది.

మూలవిరాట్టుకు వేరే, ఉత్సవవిగ్రహానికి వేరే. మాకు తెలియనిదా!

"అంటే నేను అడ్రస్ తప్పలేదన్నమాట" అంది వదిన, నావైపు తిరిగి విజయగర్వంతో.

డోరతీ అటూ ఇటూ చూసి, "పెట్టకూడదని రూలుంది గానీ, చూపించకూడదని ఎక్కడా లేదు" అంది. ఒక చెంగు వదిన, ఒక చెంగు నేను పట్టుకుని చీర విప్పాం. పసుపు పట్టు మీద పైనుంచి బంగారు వెలుగు పడి, జరీ మెరిసింది. వదిన మొహం పక్కకు తిప్పి, దేవతను కంటి చివర్లో నిలుపుకుని, "ఇదిగోనమ్మా, ఆలస్యమైంది" అంది. అంతే. మంత్రం లేదు, గంట లేదు. మడత పెట్టాక నేనూ ఆవిడకి ఒక దణ్ణం పెట్టుకున్నాను. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

అమ్మవారికి చూపిన చీరను ఇంటి ముత్తయిదువకు ఇవ్వాలి. వదిన దాన్ని కమల చేతుల్లో పెట్టింది. కమల జీన్స్ మీద, ఎర్ర జాకెట్ మీద చీర పైటలా కప్పుకుని, అక్కకు దణ్ణం పెట్టబోయింది.

"వంగకు. అక్కడ, ఆ పీఠం ముందు వెలుగులో నిలబడు. కదలకు."

కమల నిలబడింది. వదిన దగ్గరికి వెళ్ళి, గోడ వైపు మొహం తిప్పి, ఆ దేవతను చూసినట్టే మెల్లిగా చూడ్డం మొదలుపెట్టింది. జనం మా పక్కనుంచి తప్పుకుని పోతున్నారు. కమల కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ తుడుచుకోలేదు, చెయ్యెత్తితే కదిలినట్టవుతుందని.

"ముసలిదానివయిపోయావే" అంది వదిన చివరికి. "అమ్మ మొహం వచ్చేసింది నీకు."

అప్పుడు నావైపు చెయ్యి చాపింది. "మీరూ రండి మరిదిగారూ. మిమ్మల్నీ చూసి చాలా రోజులైంది. కదలకండి. నోరు కూడా."

వెళ్ళి కమల పక్కన నిలబడ్డాను. వెనకాల నలభై అడుగుల దేవత, పక్కన పట్టుచీరలో మా ఆవిడ. వదిన చూడ్డం పూర్తయ్యేదాకా మేం ముగ్గురం కదల్లేదు.